ఇల్లుటం వచ్చిన కూతగాడు

మా ఆయన్ని కోదాడ తెచ్చింది నాకోసం కాదు, చెడుగుడు కోసం. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఈ మాట ఎవరైనా నా ముందర అంటే వాళ్ళను ఊరికే వదిలేదాన్ని కాదు.

నలభై ఆరు వేసవి అది. రజాకార్ల పేరు ఇంకా మా వైపు గట్టిగా వినపడని రోజులు. అప్పటికి కోదాడ ఇంత ఊరు కాదు. బెజవాడ బాట పక్కన నాలుగు వాడలు, మోతీలాల్ సేటు బట్టల దుకాణం, ఒక ఠాణా, అంతే. మా వాళ్ళ పొగరు మాత్రం సూర్యాపేటకు రెండింతలు. ఆ పొగరంతా చెడుగుడు జట్టు మీదే. కోతలయ్యాక ఎండిన మడిలో బరి గీశారంటే ఇక ఊళ్ళో పంచాయితీలు ఆగేవి, పెళ్ళిచూపులు ఆగేవి. ఆఖరికి శివరాత్రి నాడు వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, ఇసుక మీద పెద్ద ఆట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు జట్లు. గెలిచిన ఊరికి ఒక పొట్టేలు. ఆ పొట్టేలు కోదాడ మొహం చూసి చాలా ఏళ్ళయింది.

మా అన్న కొమురయ్య కోదాడ జట్టులో పట్టుగాడు. అవతలి వాడు ఊపిరి విడవకుండా "చెడుగుడు చెడుగుడు" అని కూత పెడుతూ మన బరిలోకి వస్తాడు కదా, వాడి కాలు మా అన్న చేతికి చిక్కిందంటే ఇక అంతే. వాడి కూత ఆగి వాడు చచ్చేదాకా వదలడు. కానీ మాకు కూతకు పోయేవాడు లేడు. పోయినవాడల్లా అవతల చచ్చి కూర్చునేవాడు. మిర్యాలగూడ వాళ్ళది దీనికి తిరగేసిన బాధ. వాళ్ళకు నాగయ్య అని ఒక కూతగాడున్నాడు. ఒక్క ఊపిరిలో బరి చివరిదాకా పోయి, దొరికిన వాళ్ళను దొరికినట్టు తాకి, నడిగీత మీదికి తిరిగొచ్చి, అక్కడ నిలబడి ఇంకా కూత పెట్టేవాడు. ఎందుకయ్యా అంటే, ఊపిరి ఇంకా మిగిలిందని చూపించడానికి. మా వాళ్ళకు ఒళ్ళు మండేది. కానీ వాళ్ళకు పట్టుగాడు లేడు.

నాగయ్య వాళ్ళూ మేమూ గొల్లలమే. మా ఇంట్లో ఒక కొడుకు, ఒక బిడ్డ. వాళ్ళింట్లోనూ అంతే. పెద్దవాళ్ళు కుండమార్పిడి పెళ్ళి అనుకున్నారు. వాళ్ళ నీలా మా అన్నకు, వాళ్ళ నాగయ్యకు నేను. ఇద్దరు ఆడపిల్లలూ ఇళ్ళు మారతారు, ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టనక్కర్లేదు. ఎక్కడైనా జరిగేదే. నేను నా చీరలు మూట కూడా కట్టుకున్నాను.

అప్పుడు దిగాడు మోతీలాల్ సేటు. జన్మలో బరిలో కాలు పెట్టిన మనిషి కాదు. రెండడుగులు వేస్తే ఆయాసం. కానీ కోదాడ జట్టు ఓడిందంటే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. మా గుమ్మం ముందు మంచం మీద కూర్చుని మా నాయినతో అన్నాడు.

"రామనర్సయ్యా, ఆడపిల్లలెందుకు మారాలె? మొగపిల్లలను మార్సుకోరాదు?"

మా నాయిన రామనర్సయ్య నవ్వాడు. సేటు నవ్వలేదు.

"నేను మజాక్ చేస్తలేను. నీ కొడుకును ఆల్లకు ఇల్లుటం ఇయ్యి. ఆల్ల కొడుకు నీకు ఇల్లుటం వస్తడు. మిర్యాలగూడ పెద్దమనుషులతోని మాట్లాడిన. ఆల్లు ఎగిరి గంతేసిన్రు."

అల్లుడు అత్తగారింట్లోనే ఉండిపోవడాన్ని మా వైపు ఇల్లుటం అంటాం. కొడుకులు లేని ఇంటికి తెచ్చుకుంటారు గానీ, ఉన్న కొడుకును పంపించి పరాయి కొడుకును తెచ్చుకోవడం ఎక్కడైనా ఉందా! చెడుగుడు పిచ్చి ముదిరితే ఉంటుందన్నమాట.

"కొడుకు పోతే నా గొర్లనెవరు కాస్తరు సేటూ?" అన్నాడు నాయిన.

"అల్లుడు కాస్తడు. గాయన గొల్లోడు గాదా? మీ గొర్లు వేరే, ఆల్ల గొర్లు వేరేనా?"

ఈ మాటకు అందరూ నిజమే కదా అన్నారు. నన్ను కన్న మా అవ్వ సత్తమ్మ అయితే చెంగుతో కళ్ళొత్తుకుంది, బిడ్డ కండ్ల ముందరే ఉంటదని. ఇక ఎవరు కాదంటారు? నన్ను అడిగారా అంటే అడగలేదు. అడిగితే మాత్రం వద్దనేదాన్నా, అవ్వ దగ్గరే ఉండటమంటే ఎగిరి ఒప్పుకునేదాన్ని. ఆ సంగతి వేరు. అడగాలి కదా!

రెండు పెళ్ళిళ్ళూ ఒకే ముహూర్తానికి అయ్యాయి. అన్న మిర్యాలగూడ బండెక్కాడు, నాగయ్య మా ఇంట్లో దిగాడు. ఆ మర్నాటి నుంచే సేటు దుకాణం అరుగు మీద చర్చ మొదలైంది. మాకొక బర్రె ఉండేది. నేను చల్ల కుండ నెత్తిన పెట్టుకుని ఆ అరుగు ముందు నుంచే పోవాలి. పోయినప్పుడల్లా నా మొగుడి గురించే మాట.

జట్టుకు పెద్ద ఐలయ్య. ఆయనకు ఈ మార్పిడి మొదటి నుంచీ నచ్చలేదు. "పట్టుకు బలం గావాలె, బలం ఇంకో పదేండ్లు యాడికీ పోదు. కూతకు ఊపిరి గావాలె. ఊపిరి ఎప్పుడు తగ్గుతదో ఎవనికెరుక? మనం కట్టి ఉన్న గోడ ఇచ్చి గాలిని తెచ్చుకున్నం," అనేవాడు.

మత్తయ్యది ఎదురు మాట. పొలాల్లో కూలికి పోయే మనిషి, ఆదివారం ఏసు గుళ్ళో పాట ఎత్తుకునేది ఆయనే. గొంతు విప్పితే ఠాణా దాకా వినపడేది. "నీ గోడతోని ఏం జేసినమే ఐలయ్యా? చావకుంట ఉన్నం, గంతే. గెల్సినమా? ఒక్క పాలి గెల్సినమా? చంపేటోడు లేకపోతె ఎట్ల గెలుస్తం?"

"గాయన ఎడమ కాలు సూసినవా? మళ్ళేటప్పుడు జర ఈడుస్తడు."

"ఈడ్వడు. అది ఆయన మలుపు. గట్ల ఈడ్సినట్టు చేసి మనోళ్ళను ఎంతమందిని చంపలే?"

"పండ్లు గూడ సూడలేకపోయిన్రా?" అన్నాను నేను అరుగు ముందు ఆగి. "ఎడ్ల అంగడికి పోతే తోక ఎత్తి గూడ సూస్తరు. ఇంటికి రాండ్రి, సూపిస్త."

మత్తయ్య పకపకా నవ్వాడు. ఐలయ్య గొంతు సవరించుకున్నాడు. సేటు మాత్రం, "కోపం చేసుకోకు బిడ్డా, ఒక గిన్నె చల్ల పొయ్యి," అన్నాడు. పోయకుండా వచ్చేశాను.

ఇంత రభస ఎవరి గురించో ఆ మనిషి మాత్రం నోరు తెరిచేవాడు కాదు. నాగయ్య పొడుగు మనిషి. మా గడపకు తల వంచి వచ్చేవాడు, వచ్చాక కూడా అలాగే వంచుకుని ఉండేవాడు. పెట్టింది తినేవాడు. ఇంకాస్త కావాలా అంటే చాలు అనేవాడు. ఇల్లుటం వచ్చిన అల్లుడు మామ ముందర గొంతు పెంచకూడదు కదా, సిగ్గనుకున్నాను. ఒకరోజు నా కాలిలో తుమ్మముల్లు విరిగితే, ఏమీ అనకుండా నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని, సూదితో తీసి, పసుపు అద్ది పోయాడు. మాట్లాడకపోతేనేం అనిపించింది. ఆ రోజు నుంచి ఆయన మందతో వచ్చే వేళకు నేను ఏదో ఒక పని కల్పించుకుని వాకిట్లో ఉండేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, నా మొగుడంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

కోతలైనాయి. బరి గీశారు. ఊరంతా గుమిగూడింది. నాగయ్య కూతకు పోయాడు. పోయినవాడు నడిమిట్లోనే ఆగిపోయాడు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తాకలేదు. కూత తెగింది, అంతే. "కొత్త నేల కదా," అన్నాడు సేటు. "నల్లరేగడి. ఆయన ఇసుకలో పెరిగినోడు. వాడపల్లిల సూడుర్రి."

వాడపల్లిలో చూశాం. చూసింది చాలు. ఇసుక చుట్టూ మూడూళ్ళ జనం. మిర్యాలగూడ బరిలో మధ్యన మా అన్న మోకాళ్ళ మీద వంగి నిలబడ్డాడు. జనంలో నా పక్కనే నా ఆడబిడ్డ నీలా, అంటే మా వదిన. ఆమె మొగుడు నా అన్న, నా మొగుడు ఆమె అన్న. ఇక ఎవరి కోసం ఎవరు అరవాలి? ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాం.

నాగయ్య మొదటి కూత సగంలో తెగింది. రెండోది ఇంకా ముందే తెగింది. మూడోసారి ఎలాగో బరి లోపలికంటా పోయాడు, తిరిగొస్తుంటే మా అన్న ఆయన కాలు దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. నాగయ్య చెయ్యి చాస్తే నడిగీత అందేంత దూరంలోనే ఉంది. మా అన్న ఆయన కాలు వదలకుండానే, "కూత పెట్టు బావా, జర కూత పెట్టు, ఆపకు," అంటున్నాడు. అన్న కళ్ళలో నీళ్ళు నేను చూశాను. కానీ నాగయ్య గొంతులోంచి ఏమీ రాలేదు. పొట్టేలు మిర్యాలగూడ పోయింది.

ఆ తర్వాత అరుగు మీద జరిగిన చర్చ నేను మళ్ళీ తలుచుకోదలుచుకోలేదు గానీ, కథకు కావాలి కాబట్టి చెబుతాను. "మనోణ్ణి ఇచ్చి మూగోణ్ణి తెచ్చుకున్నం," అన్నారు. "ఆల్లకు ముందే ఎరుక, ఊపిరి తగ్గినోణ్ణి మనకంటగట్టిన్రు," అన్నారు. ఆఖరికి ఐలయ్య ఒక దారి చెప్పాడు. కుండమార్పిడిలో ఒక పక్క జరిగింది రెండో పక్కా జరగాలి, అది కులం కట్టు. కాబట్టి మా వాళ్ళు నాగయ్యనూ నన్నూ మిర్యాలగూడ పంపేస్తే, వాళ్ళు కొమురయ్యనూ నీలానూ ఇటు పంపక తప్పదు. ఉగాది పోయాక పెద్దమనుషులు కూర్చుని తేల్చాలి.

ఆ మాట మా ఆయన చెవినా పడింది. ఇంటికొచ్చి చెంబు నీళ్ళు తాగి, ఎప్పుడూ లేనిది తనంతట తానే నాతో మాట్లాడాడు.

"నేను వాపస్ పోను రేణుకా. మా ఊర్ల ఏమంటరు? పనికిరాడని తిప్పి పంపిన అల్లుడంటరు. పిల్లలు గూడ నవ్వుతరు. వీళ్ళు పొమ్మంటే బెజవాడ పోత. ఆడ మూటలు మోసుకుంట."

"మరి నేను?"

"నువ్వు మీ అవ్వకాడ ఉండు. నాతోని వచ్చి నువ్వు గూడ ఎందుకు పరేషానైతవు?"

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మనిషిని తెచ్చింది మీరు, పంపేది మీరు, మధ్యలో నా కాపురం ఎవరిది? ఒకటి మాత్రం తేల్చుకోవాలనుకున్నాను. అంత ఊపిరి ఉన్న మనిషికి ఆ ఊపిరి ఎక్కడ పోయింది? జ్వరం లేదు, దగ్గు లేదు. మర్నాడు సద్ది మూట అవ్వను తీసుకుపోనివ్వకుండా నేనే పట్టుకుని మందకాడికి పోయాను.

చేను గట్టు మీద నిలబడి చూశాను. మంద ముందర మా నాయిన. నోటి పక్కన చెయ్యి పెట్టి, "డుర్ర్ర్ హొయ్... హొయ్ హోయ్" అని కేక వేస్తే మొత్తం మంద ఒక్కసారి తల ఎత్తి ఆయన వైపు తిరిగేది. చిన్నప్పటి నుంచి విన్న కేకే అది. మంద వెనక నా మొగుడు. కర్ర పట్టుకుని అటు పరిగెత్తుతాడు, ఇటు పరిగెత్తుతాడు, దారి తప్పిన గొర్రెను కర్రతో తట్టి మళ్ళిస్తాడు. నోరు మాత్రం తెరవడు. గొల్లవాడు నోరు మూసుకుని గొర్రెలు కాయడం నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు.

సద్ది తినేటప్పుడు అడిగాను. "నోరు తెరవవేంది? కేక ఎయ్యవేంది?"

"ఎయ్యొద్దన్నడు మామ."

"ఎందుకు?"

"వచ్చిన కొత్తల ఏసిన. నా కేక వేరే కదా, మా తండ్రి నేర్పింది. గొర్లు బెదిరినయ్. తలో దిక్కు ఉరికినయ్. ఒక గొర్రె రాళ్ళల్ల పడి కాలు ఇరగ్గొట్టుకున్నది. నువ్వు పిలవకు అల్లుడా, ఇవి నా గొంతుకు అలవాటు పడ్డయ్ అన్నడు. నిజమే గదా. గొర్లు ఆయనవి."

"గందుకని రోజంత మూగోని లెక్క తిరుగుతున్నవా?"

ఆయన చేతిలో ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. "కూత బరిల నేర్చిన అనుకున్నవా? గొర్లకాడ నేర్చిన. మా ఊర్ల పొద్దుగాల మొదలుపెడితే పొద్దుగూకేదాక కేకే. ఈ గట్టు మీదికెల్లి ఆ గట్టు దాక ఒక్క ఊపిరి. ఈడ గొర్లకాడ మాట్లాడొద్దు, ఇంట్ల మామ ముందట మాట్లాడొద్దు. ఇగ యాడ మాట్లాడాలె? బరిల నోరు తెరిస్తే నా గొంతు నాకే కొత్తగున్నది."

ఎంత తెలివైన ఊరమ్మా మాది! ఊపిరి కోసం మనిషిని తెచ్చుకున్నారు, తెచ్చుకున్న మర్నాడే నోరు మూయించారు. పైగా మూగోడని తిడుతున్నారు. గొల్లవాడు ఎక్కడైనా గొల్లవాడే అనుకున్నారు గానీ, గొర్రెకు గొల్లవాడంటే గొంతు అని గొల్లలమై ఉండి మాకే తట్టలేదు.

ఆ సాయంత్రం నాయిన ముందు అంతా కక్కేశాను. నాయిన చుట్ట వెలిగించుకోకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు. ఊకొట్టడేమిటని నాకు ఇంకా మండింది. తెలివిలేనిదాన్ని, ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నాకేం తెలుసు?

పెద్దమనుషులు కూర్చున్నారు. చోటు అదే, సేటు దుకాణం అరుగు. ఐలయ్య లేచి కొమురయ్య గొప్పలు చెప్పాడు. మత్తయ్య లేచి, "ఒక్క ఏడాదికే మనిషిని తీసిపారేస్తరా? మనం ఓడితె మనల్ని గూడ ఊర్లకెల్లి ఎల్లగొట్టాల్నా?" అన్నాడు. ఆ మాటకు మత్తయ్యకు ఇప్పటికీ దండం పెడతాను. నాగయ్య మాత్రం, "నాకోసం లడాయి వద్దు. పొమ్మంటే పోత, బెజవాడ పోత," అన్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. ఇంత దూరం వస్తుందని వాళ్ళూ అనుకోలేదు, పాపం.

ఆడవాళ్ళు అక్కడ మాట్లాడరు. నేను మాట్లాడాను. చేనుగట్టు మీద చూసింది చూసినట్టు చెప్పాను. కొందరు నవ్వారు, గొర్రెల వల్ల జట్టు ఓడిందా అని.

నాయిన లేచాడు. "నవ్వకుర్రి. పిల్ల చెప్పింది నిజం. రేపటి సంది మంద ముందట నేను నోరు తెరవ. గొర్లను అల్లుడే పిలుస్తడు. వచ్చే శివరాత్రి దాక గడువియ్యిండ్రి."

ఐలయ్యకూ ఒకప్పుడు గొర్రెలుండేవి. ఆయన మొహం మారింది. "బావా, సోచాయించి మాట్లాడు. గొర్లు రెండు గొంతులకు రావు. నీ గొంతు మరిసినయ్ అంటే మళ్ళ నీకు రావు."

"రాకపోనియ్యి," అన్నాడు నాయిన. "నా బిడ్డ కాపురం కన్న ఎక్కువనా?"

సేటు గడువు ఇచ్చేద్దామన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ ఏడాది మా నాయిన పడింది చెబితే ఎవరికీ అర్థం కాదు. మంద ముందర నా మొగుడు, వెనక కర్ర పట్టుకుని నాయిన. మొదట్లో గొర్రెలు నాగయ్య కేకకు బెదిరి వెనక్కి తిరిగి నాయిన వైపే ఉరికేవి. వచ్చి ఆయన కాళ్ళ చుట్టూ మూగేవి. ఆయన పళ్ళు బిగబట్టి వాటిని కర్రతో ముందుకు నెట్టేవాడు. ఒక్క మాట అంటే చాలు, అవి ఆగిపోయేవి. అనేవాడు కాదు. వానాకాలం వచ్చేసరికి సగం మంద నాగయ్య వెంట నడిచింది. దసరా నాటికి మొత్తం నడిచింది. నాయిన ఇంటికొచ్చాక కూడా మాట్లాడటం తగ్గించేశాడు. మా అవ్వ ఎన్నిసార్లు గొణిగిందో.

ఇక నాగయ్య కేక! పొద్దున్నే మంద ఊరు దాటుతుంటే వాడలన్నీ వినేవి. ఒక ఊపిరి మొదలుపెడితే నేను బర్రెకు పాలు పిండటం ఆపి వినేదాన్ని, ఎప్పుడు తెగుతుందా అని. తెగేది కాదు. ఒకరోజు అన్నం తింటూ మా అవ్వతో, "అత్తా, ఇంకింత పెట్టు," అన్నాడు గట్టిగా. అవ్వ గరిట జారవిడిచింది. నేను దొడ్లోకి పోయి కడుపు నిండా నవ్వుకున్నాను. ఎంత సంతోషమైందో చెప్పలేను.

అరుగు మీద లెక్కలు మళ్ళీ మారాయి. "సూసినవా, ఇగ మనదే పొట్టేలు," అనేవాడు సేటు. "బరిల సూడాలె," అనేవాడు ఐలయ్య. "చావుకు పోయిన గూడ బరిల సూడాలె అంటవు నువ్వు," అనేవాడు మత్తయ్య. నేను చల్ల పోసేదాన్ని, ముగ్గురికీ.

బరిలో చూడటం మాత్రం ఎవరికీ రాసిపెట్టిలేదు. ఆ చలికాలం మా వైపు ఊళ్ళ మీద రజాకార్లు పడటం మొదలైంది. ఫలానా ఊరు కాలిందన్నారు, ఫలానా చోట మనుషుల్ని కట్టేసి కొట్టారన్నారు. మళ్ళు ఎండాయి గానీ బరి గీసేవాడు లేడు. వాడపల్లి ఆట ఉండదని తెలిసిపోయింది. సేటు దుకాణానికి తాళం పడింది. ఒక ఉదయం మా వాడలన్నీ మూటలు నెత్తిన పెట్టుకుని బెజవాడ బాట పట్టాయి. సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరితే చాలు, అటు యూనియన్ రాజ్యం, ప్రాణాలు దక్కుతాయని. సేటు బండిలో పిల్లాజెల్లా, మా అవ్వా, వెనక ఐలయ్య, మత్తయ్య వాళ్ళ కుటుంబాలు, వాళ్ళ వెనక మేమూ మా గొర్రెలూ.

సరిహద్దు ఇంకా కొంత దూరం ఉండగా వెనక ఎక్కడో తుపాకీ పేలింది. జనం చెల్లాచెదురయ్యారు. మంద బెదిరి బాట దిగి, చెట్లలోంచి కోదాడ వైపే, చప్పుడు వచ్చిన వైపే ఉరికింది. నాగయ్య అప్పటికి ముందర ఎక్కడో సేటు బండి చక్రం గుంటలో దిగితే ఎత్తుతున్నాడు. మంద దగ్గర ఉన్నది నాయిన, నేను.

నాయిన నెత్తి మీది మూట కింద పడేసి, నోటి పక్కన చెయ్యి పెట్టి కేక వేశాడు. "డుర్ర్ర్ హొయ్... హొయ్ హోయ్!" దగ్గర దగ్గర ఏడాదికి మొదటిసారి విన్నాను ఆ కేక. మంద ఆగలేదు. ఆయన ఇంకోసారి వేశాడు. గొంతు పగిలేలా వేశాడు. ఒక్క గొర్రె తల తిప్పలేదు.

అప్పుడు బండి వైపు తిరిగి, "పిలువు అల్లుడా! పిలువు!" అని అరిచాడు.

నాగయ్య చక్రం వదిలి బాట మీద నిలబడి కేక ఎత్తుకున్నాడు. అబ్బ, ఏం ఊపిరి అది! చెట్లలో ఎక్కడో ఉన్న మంద ఆగింది. ఆయన ఆపలేదు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి చెట్లలోంచి బయటపడి, మా నాయిన పక్క నుంచి, ఆయన్ని రాసుకుంటూ, బాట ఎక్కి నాగయ్య దగ్గరికి పోయాయి. ఆఖరి గొర్రె బాట ఎక్కేదాకా ఆ ఊపిరి తెగలేదు.

చూశారా మా వాళ్ళను! వెనక తుపాకులు పేలుతుంటే, నెత్తిన మూటలతో, సేటు గుంటలో దిగిన బండి పట్టుకుని, "అరే ఐలయ్యా, గది ఊపిరంటే! ఇగ చెప్పు, మనం లాభపడ్డమా, నష్టపడ్డమా?" అంటున్నాడు.

"కొమురయ్య ఉంటే గొర్లు బెదిరేటివే కావు," అన్నాడు ఐలయ్య.

"ఇంకా కొమురయ్యనేనా!" అని మత్తయ్య అరిచాడు. అంతలో ఐలయ్య చూపు మా నాయిన మీద పడింది. మాట ఆపేశాడు. మిగతా ఇద్దర్నీ చెయ్యెత్తి ఆపాడు. గబగబా వచ్చి, కింద పడ్డ మా నాయిన మూట తీసి తన మూట మీద పెట్టుకుని ముందుకు పోయాడు.

నాయిన బాట పక్కన రాయి మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను. నా మొగుడు నాకు దక్కాడు, ఇక ఎవరూ ఆయన్ని ఎక్కడికీ పంపలేరు. అది నాకు తెలుసు. సంతోషించాలి కదా, కానీ నాయిన మొహం చూస్తే ఏడుపు ఆగలేదు.

"మంచిగైంది," అన్నాడు నాయిన. గొంతు బొంగురుపోయింది. "నేను అనుకున్నట్టే అయింది. ఏడుస్తవెందుకు?"

తర్వాత మంద పోయిన వైపు కాసేపు చూశాడు.

"ఒక్కటన్న మళ్ళుతదనుకున్న, బిడ్డా."

నేను చెయ్యి పట్టుకుని లేపాను. మంద అప్పటికే జగ్గయ్యపేట వైపు కదిలింది. ముందర మా ఆయన కేక వేస్తూ పోతున్నాడు, మేమిద్దరం వెనక నడిచాం.